గంజి పోసిన చమ్కీ సీసా

భూమవ్వ ఇస్త్రీ చేసిన చీర మడత విప్పడానికి బాన్సువాడలో చాలామంది ఆడవాళ్లకు మనసొప్పదు. అంచుకు అంచు కలిసి, గంజి సమంగా పట్టి, పొద్దున కట్టిన చీర పొద్దుగూకే దాకా నలగకుండా ఉంటుంది. అందరూ పాత సామాన్లవాళ్లకు వేసేసిన బొగ్గుల ఇస్త్రీపెట్టెనే ఆమె ఇంకా వాడుతుంది. కరెంటు పెట్టె కొనిస్తానని కొడుకు ప్రవీణ్‌కుమార్ ఎన్నిసార్లు అన్నా, "దానికి బరువేడిదిరా? గాలొస్తె ఎగిరిపోయేటట్టున్నది" అని కొట్టిపారేసేది. భర్త లింగం పోయాక ఆ పెట్టెతోనే కొడుకును పెంచింది, పెళ్లి చేసింది. మాట కూడా ఆ పెట్టెలాగే వేడి. బట్టలు ఆలస్యమయ్యాయని ఎవరైనా గొణిగితే, "నీ చీర నువ్వే రుద్దుకోపో" అనేసేది. తిట్లు తిన్నవాళ్లే మర్నాడు మళ్లీ మూట పట్టుకుని వచ్చేవాళ్లు.

అలాంటి మనిషి మనవరాలు వర్ష దగ్గర మాత్రం గొంతు తగ్గించుకుంది.

వర్షకు అయిదో ఏడు నడుస్తోంది. మాట రాలేదు. పిలిస్తే తిరిగి చూడదు. ఎవరు ముట్టుకున్నా ఒళ్లు ముడుచుకుంటుంది. కుక్కర్ కూసినా, గల్లీలో బండి హారన్ మోగినా వెళ్లి గోడకు తల కొట్టుకుంటుంది. దీనికి దవాఖానలో డాక్టరు ఏదో పేరు చెప్పాడు గానీ అది భూమవ్వ నోట నిలవలేదు. ప్రవీణ్ వరికోత మిషను డ్రైవరు. కోతల కాలమంతా జుక్కల్ అవతల మహారాష్ట్ర ఊళ్లలోనే ఉంటాడు. కోడలు జ్యోతి బట్టల దుకాణంలో పొద్దంతా నిలబడి, దీపాల వేళకు ఇల్లు చేరుతుంది. అటు పిల్లా భూమవ్వదే, ఇటు పనీ భూమవ్వదే.

ఒకరోజు వర్ష ఎర్రగా కణకణలాడే బొగ్గుల మీదికి చేయి చాచింది. భూమవ్వ గుంజకపోతే ఆ చేయి దక్కేది కాదు. అప్పటినుంచి ఒక పాత చీర పేలిక చింపి, ఒక కొన పిల్ల నడుముకు, రెండో కొన మంచం కోడుకు కట్టి పని చేసుకోవడం మొదలుపెట్టింది. ముడి వేసేటప్పుడు పిల్ల ముఖంలోకి చూసేది కాదు. మేకపిల్లను కట్టినట్టు ఆడపిల్లను కట్టే తన బతుకు ఏం బతుకని కుమిలిపోయేది. చూసినవాళ్లు అయ్యో అనేవాళ్లు. అయ్యో అనడానికి ఎవరికీ ఖర్చేమీ లేదు కదా. ఒక్క పూట పిల్లను చూసుకుంటామని ఎవరూ అనలేదు.

గల్లీ చివరి అంగన్‌వాడీకి పొద్దున పూట వర్షను పంపేవాళ్లు. అక్కడి టీచరు మహేశ్వరి ఒకరోజు ఖాళీ ప్లాస్టిక్ సీసాలో నీళ్లు పోసి, మందుల దుకాణంలో దొరికే గ్లిజరిన్ కలిపి, కాస్త నీలిరంగు, గుప్పెడు చమ్కీలు వేసి మూత బిగించింది. తలకిందులు చేస్తే ఆ చమ్కీలు తొందరేమీ లేనట్టు మెల్లగా దిగుతాయి. వర్ష ఆ సీసాను చెంపకు ఆనించుకుని కన్నార్పకుండా చూసింది. బయట చెరుకు ట్రాక్టరు గట్టిగా హారన్ కొట్టింది. పిల్ల గోడ వైపు పోలేదు. మనవరాలిని తీసుకుపోవడానికి వచ్చిన భూమవ్వ గుమ్మంలోనే నిలబడిపోయింది. గిసొంటిది ఇంట్లో ఉంటే పిల్లను కట్టేసే పాపం తప్పుతుంది. అదొక్కటే ఆమెకు తోచింది.

అంతలో ఎండాకాలం సెలవులు వచ్చాయి. అంగన్‌వాడీకి తాళం పడింది, సీసా లోపల ఉండిపోయింది, టీచరు పుట్టింటికి వెళ్లిపోయింది. మరెవరైనా అయితే టీచరుకు ఫోన్ చేసి అడిగేవాళ్లు. భూమవ్వ అడిగే రకం కాదు. టీచరు నీళ్లలో చిక్కటిదేదో కలపడం చూసింది. చిక్కదనం సంగతి ఆమెకు ఒకరు చెప్పాలా? తెల్ల చీరలకు మచ్చ పడకుండా పెట్టే సగ్గుబియ్యం గంజి కాచింది, బట్టలో వడగట్టింది, పలచన చేసి సీసాలో పోసింది. ఫ్యాన్సీ దుకాణంలో కొన్న చమ్కీలు వేసింది.

జ్యోతికి అనుమానం వచ్చింది. "అత్తమ్మా, గంజి పులుస్తది గదా. మీరే మిగిలిన గంజి రోజు పారబోస్తరు."

"గాలి తగిలితె పులుస్తది. తొక్కు జాడీకి మూతి గట్టిపెడితె ఏడాదుంటలేదా?" అంది భూమవ్వ. మూత బిగించి, చుట్టూ దారం చుట్టి, కొవ్వొత్తి కరిగించి పోసింది.

చమ్కీలు దిగాయి. టీచరమ్మ సీసాలో కన్నా నిదానంగా దిగాయి. వర్ష రెండు చేతులతో దాన్ని పట్టుకుని కూర్చుంటే, భూమవ్వ ముడి వేయకుండానే బట్టలు ఇస్త్రీ చేసింది. సంతోషం పట్టలేక, వచ్చినవాళ్లందరికీ పిలిచి మరీ చూపించింది. రెండు రోజులు పోయాక సీసా బిర్రుగా ఉబ్బింది. లోపల సన్న బుడగలు లేచాయి. చమ్కీలతో పాటు బుడగలు కూడా బాగున్నాయనే అనుకుంది పిచ్చిది.

ఆ మర్నాడు పెళ్లివాళ్ల చీరలు మూటలు మూటలుగా వచ్చి పడ్డాయి. మధ్యాహ్నానికల్లా కావాలన్నారు. ఈ ఒక్క పూటకు సీసాతో పాటు ముడి కూడా ఉంటే నిశ్చింత అనుకుంది భూమవ్వ. పిల్ల చేతికి సీసా ఇచ్చి, నడుముకు పేలిక కట్టింది.

ఎండ ఎక్కింది. వర్ష సీసాను ఎప్పటిలాగే చెంపకు అదిమిపట్టి మూతను తిప్పుతోంది. ఠప్పుమని చప్పుడైంది. పులిసిన గంజి నురగతో సహా పిల్ల కళ్లలోకి, ముక్కులోకి చిమ్మింది. పిల్ల కెవ్వుమంది. లేచి పరుగెత్తబోయింది. పేలిక పట్టి వెనక్కి లాగింది. మళ్లీ లేచింది, మళ్లీ పడింది. ఆ భయం నుంచి పారిపోవడానికి కూడా ఆ పిల్లకు దారి లేదు. భూమవ్వ ఉరికొచ్చి విప్పబోతే, పిల్ల గుంజులాటకు బిగుసుకుపోయిన ముడి ఊడిరాలేదు. చివరికి కత్తెర అందుకుని కోసింది. పెట్టె కింద పెళ్లిచీర కాలి వాసన వస్తున్నా ఆమె తిరిగి చూడలేదు.

సర్కారు దవాఖానలో కళ్లు కడిగి, చూపుకు ఫికర్ లేదన్నారు. నడుము చుట్టూ మాత్రం ఎర్రటి వాత తేలింది. ఇంటికొచ్చాక భూమవ్వ ఆ పేలికను ఇస్త్రీపెట్టెలోని బొగ్గుల మీద పడేసి, బూడిదయ్యే దాకా అక్కడే కూర్చుంది.

సంగతి తెలిసి మహేశ్వరి ఊరి నుంచి రాగానే అంగన్‌వాడీ సీసా తెచ్చింది. "నాకొక్క ఫోన్ చేస్తే అయిపోతుండె గదా అవ్వా."

"గంత తెలివుంటె ఈ ముసల్దాని బతుకు గిట్లెందుకుంటది టీచరమ్మా" అని భూమవ్వ ఏడ్చింది.

సీసాను చూడగానే వర్ష మంచం కిందికి దూరింది. ఎవరు పిలిచినా రాలేదు. అన్నం గిన్నె కూడా అక్కడికే జరపాల్సి వచ్చింది.

భూమవ్వ పగటిపూట ఇస్త్రీ మానేసింది. కోడలు ఇల్లు చేరాకే పెట్టె రాజేస్తానని చెప్పింది. కొందరు గిరాకీలు వేరేచోటికి పోయారు. "పనంత పోతె ఎట్ల అత్తమ్మా?" అంది జ్యోతి. "పోతె పోనీ. పిల్లను ఇగ కట్టను" అంది భూమవ్వ.

రోజూ మంచం పక్కన నేల మీద కూర్చుని, సీసాను తానే తిప్పేది. పిల్లకు ఇవ్వలేదు, రమ్మని పిలవలేదు, ఆ వైపు చూడను కూడా లేదు. చమ్కీలు దిగితే మళ్లీ తిప్పేది. ఎన్నేళ్లుగానో ఇనుము మోసిన మణికట్టు, ఇంత తేలిక సీసాకు సలపడం మొదలుపెట్టింది. పిల్ల ఇక తనను నమ్మదేమోనని భయపడింది. అయినా తిప్పడం ఆపలేదు.

ఒకనాటి సాయంత్రం వెనక ఏదో కదిలిన అలికిడి అయింది. చిన్న వీపు ఒకటి వచ్చి ఆమె వీపుకు ఆనింది. పుట్టిన నాటి నుంచి ఎవరినీ తనంతట తాను ముట్టుకోని పిల్ల, కాసేపటికి తల కూడా వాల్చి, మెడ తిప్పి, ఆమె భుజం పక్కనుంచి సీసా వైపు చూడసాగింది. భూమవ్వకు కళ్లనీళ్లు ధారకట్టాయి. తుడుచుకుంటే పిల్ల లేచిపోతుందని తుడుచుకోలేదు.

జ్యోతి గుమ్మంలోకి వచ్చింది.

"సప్పుడు జెయ్యకు బిడ్డా" అంది భూమవ్వ, వినపడీ వినపడనట్టు. "నన్ను ఆనుకొని కూసున్నది."

జ్యోతి సంచి చేతిలో పట్టుకునే గడప మీద కూలబడి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. దీపాల వేళ గడప మీద కూర్చోవద్దని రోజూ కసిరే అత్త ఆ పూట ఏమీ అనలేదు.