సుభద్రమ్మ గారు బోనెక్కిన రోజు

పై వాటాలో ఎవరో ఎండుమిరపకాయలు వేయిస్తున్నారు. ఆ ఘాటు కిటికీలోంచి దిగి గొంతు పట్టుకుంది. మా ఇంట్లో వాళ్ళు తుమ్మి, విసుక్కుని, తలుపులు మూసుకున్నారు. నేను కుర్చీలోంచి లేవలేకపోయాను. ఈ ఘాటు తగిలినప్పుడల్లా నాకు ఒక సబ్ జైలు వసారా కళ్ళముందు నిలుస్తుంది. ఊచల వెనక ఒక బాలింత. ఆమె కట్టుకున్న చీరలోంచి ఇంకా వదలని మిరపపొగ. ఆమెకు ఎదురుగా నేలమీద చతికిలబడ్డ మా సుభద్రమ్మ గారు.

పందొమ్మిది వందల అరవైల చివర, విజయనగరంలోని ఒక ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ఆమె మనస్తత్వశాస్త్రం చెప్పేవారు. అదే శాస్త్రంలో ఎమ్మే పట్టా చేతికి రాగానే నేను ఆమె కింద ఉద్యోగంలో చేరాను. ఆమెది పాతపట్నం. క్లాసులో పుస్తకం భాష, గడప దాటితే ఊరి యాస. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకని ఎవరైనా అడిగితే, "నీకు సెప్పి మానీలేదని కోపమా?" అనేవారు. నేనప్పటికే దెయ్యాలూ దేవుళ్ళూ లేరని వేదికలెక్కి వాదించి పేరు తెచ్చుకున్నవాణ్ణి. చేరిన వారంలోనే మూఢనమ్మకాల మీద ఉపన్యాసమిచ్చి విద్యార్థుల చేత చప్పట్లు కొట్టించుకున్నాను. ఆమె వెనక బెంచీలో కూర్చుని విన్నారు. బయటికొచ్చాక అడిగారు.

"నోరు బాగున్నాదిరా. మతి సెడిన మనిసి ఎదర ఎప్పుడైనా కూకున్నావా?"

"లేదండి."

"మరి ఎవుల్ని గెల్సినావు? దెయ్యం నేదని ముందే తెలిసినోళ్ళనా?"

ఒళ్ళు మండింది. విసురుగా క్లాసులోకి వెళ్ళిపోయాను.

ఆ ఏడే పైడమ్మ కేసు వచ్చింది. గజపతినగరం వైపు పల్లెలో వరి పండించుకునే కుటుంబం. తొలి కాన్పయ్యాక పైడమ్మకు నిద్ర కరువైంది. గోడతో మాట్లాడేది, బిడ్డను చూసి ఏడ్చేది. ఇంటివాళ్ళు గాలి సోకిందని భూతవైద్యుణ్ణి పిలిపించారు. వాడు గది తలుపులు మూయించి, బిడ్డ ఒళ్ళో ఉండగానే నిప్పుల మీద మిరపకాయలు పోసి ఆమె మొహానికి పొగ పట్టించాడు. అలా రోజుల తరబడి చేసి, చివరికి ఒకనాటి పొద్దున దెయ్యం దిగిపోయిందని చెప్పి, కోడిపెట్టను చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు. అదే రోజు మధ్యాహ్నం పైడమ్మ బిడ్డను నూతిలో వదిలింది. పోలీసులు హత్యకేసు పెట్టారు. ఆమె తరపు ప్లీడరు మా కళాశాల గురించి విని, ఆమె మానసిక స్థితి చూసి చెప్పమని సుభద్రమ్మ గారిని బతిమాలాడు. మతి చెడి చేసిందని కోర్టు నమ్మితే ఆసుపత్రికి పంపుతారు. నమ్మకపోతే ఉరో, యావజ్జీవమో.

సబ్ జైలుకు నేనూ వెంట వెళ్ళాను. ఊచల దగ్గర సుభద్రమ్మ గారు నేలమీద చతికిలబడ్డారు. ముందు పైడమ్మే అడిగింది.

"పాప లేసిందేటమ్మా?"

"ఎక్కడుందే పాప?"

"నూతిలో ఉన్నాది. పొగకి దాని కళ్ళు మండిపోతన్నాయి. నూతిలోంచి మా అమ్మ పిలిసినాది, ఇటు దింపీ, సల్లగుంటాదని. దింపినాను."

"మీ అమ్మ నూతిలో ఎందుకున్నాదే?"

"సచ్చిపోనాక అక్కడే ఉంటన్నాది కదా!" అంది పైడమ్మ, ఇంత చిన్న సంగతి తెలియని మనుషులున్నారా అన్నట్టు. ఆ తర్వాత కూడా సుభద్రమ్మ గారు చాలాసార్లు వెళ్ళి ఆమెతో మాట్లాడారు. ఆ స్థితి కాన్పు తర్వాత కొందరు తల్లులకు వచ్చే జబ్బనీ, తాను చేస్తున్నదేమిటో పైడమ్మకు తెలియదనీ ఆమె తేల్చుకున్నారు, రవ్వంత అనుమానం కూడా మిగల్లేదు.

విచారణ ముందు ప్లీడరు మమ్మల్ని ఇంటికి పిలిచాడు. "మీరు చదువుకునే రోజుల్లో పిచ్చాసుపత్రికి వెళ్ళారు కదమ్మా. అక్కడ తర్ఫీదు పొందానని చెప్పండి. ఎవరు చూడొచ్చారు?" అన్నాడు.

"సూడ్డానికెళ్ళినాను బాబూ. నేర్సుకోడానికి కాదు."

"ఒక్క మాటమ్మా! ఒక ప్రాణం."

నేనూ ఊరుకోలేదు. "ఆ భూతవైద్యుడికి లేని పట్టింపు మీకెందుకండీ?" అన్నాను.

ఆమె నావైపు తిరిగారు. "వాడికీ నాకూ ఉన్న తేడా అదొక్కటేరా. అదీ వొగ్గీమంతావా?"

కోర్టులో భూతవైద్యుడు ప్రాసిక్యూషన్ సాక్షి. ఇది నేను కల్పించి చెబితే ఎవరూ నమ్మరు. మెడలో పూసలతో, నూనె రాసిన జుట్టుతో బోనెక్కి, "పొద్దున్నే దించీసినాను బాబూ. దెయ్యం పోనాది. బుర్ర బాగానే ఉన్నాది. నాకు దణ్ణం కూడా ఎట్టినాది," అన్నాడు. తన వైద్యం పారిందని చాటుకోవడానికి, ఆమె మతి స్థిరంగా ఉందని చెప్పాడు. ఆ గొప్పే ఆమె మెడకు ఉచ్చయింది. నీ చదువేమిటని వాణ్ణి ఎవరూ అడగలేదు. నెలలు గడిచాక చూసిన జైలు డాక్టరు, ఖైదీ నెమ్మదిగా ఉందని రాశాడు.

తర్వాత సుభద్రమ్మ గారు బోనెక్కారు. ప్రాసిక్యూటరు లేచాడు.

"మీరు డాక్టరా?"

"కాదు."

"మానసిక రోగులకు వైద్యం చేసే ఆసుపత్రిలో పనిచేశారా? తర్ఫీదు పొందారా?"

"లేదు."

"పంతుళ్ళకు పాఠాలు చెబుతారు. పోనీ, మీకు పిల్లలున్నారా?"

హాలులో నవ్వులు. ఆమె మొహం మారలేదు. "లేరు. నేను చూసింది చెప్పమంటారా?" అని అడిగారు. చెప్పారు కూడా. చిన్న చిన్న వాక్యాల్లో, తడుముకోకుండా చెప్పారు. జడ్జిగారు కలం పక్కన పెట్టి, కిటికీవైపు చూస్తూ విన్నారు. తీర్పులో, అర్హత లేని వ్యక్తి అభిప్రాయాన్ని పరిగణించలేమన్నారు. యావజ్జీవం వేశారు. పోలీసులు తీసుకుపోతుంటే పైడమ్మ వెనక్కి తిరిగి, "అమ్మా, పాపని సూడు," అంది.

ఈ దేశంలో అజ్ఞానం ఏ అర్హతా లేకుండా బోనెక్కుతుంది, తెలివిని మాత్రం కాగితం చూపించమంటారు. ఆ రోజు నేను ఇలాంటివే చాలా అన్నాను. సుభద్రమ్మ గారు కోర్టు మెట్లమీద కూర్చుని చెప్పులు సర్దుకుంటూ విన్నారు.

"అయిందా? మరి బెంగులూరెల్లు. ఆసుపత్రిలో ఉండి నేర్సుకునే సదువున్నాది. నాకు వయసు దాటిపోనాది, తీసుకోరు."

"నిజానికి సర్టిఫికెట్టు ఎందుకండీ?"

"నిజానికి అక్కర్నేదు. ఆ నవ్వినోళ్ళ నోరు మూయించడానికి కావాల. ఇంకోటీ ఉన్నాదిరా. ఆ ప్రాసిక్యూటరు అడిగింది తప్పు కాదు. తర్ఫీదు నేకపోతే నాను రేపు ఎక్కడో పొరబడతాను. నీ కోపం దాసుకో. ముందు నేర్సుకో."

వెళ్ళాను. రోగుల మధ్య కూర్చున్నాను. వేదికమీద ఎంత తక్కువ తెలిసి ఎంత ఎక్కువ మాట్లాడానో అక్కడ తెలిసింది. ఒక చదువయ్యాక ఇంకొకటి చేశాను. తిరిగొచ్చిన రోజు స్టేషనుకు ఆమే వచ్చారు. నేను పట్టా తీసి చూపించబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టారు.

"పైడమ్మ పోనాదిరా. జైల్లో. తిండి మానేసినాదట."

పట్టా మళ్ళీ సంచిలో పెట్టాను. ఇద్దరం ఊళ్ళోకి నడిచాం.

కొంతకాలానికి అలాంటిదే మరో తల్లి కేసులో నన్ను సాక్ష్యానికి పిలిచారు. అర్హతలు చెప్పమన్నారు. చెప్పాను. అడగబోయిన ప్రశ్న మింగి ప్రాసిక్యూటరు కూర్చున్నాడు. కాన్పు తర్వాత వచ్చే ఆ జబ్బు గురించి చెప్పాను. వేరే మాటలు వెతకలేదు. ఆనాడు బోనులో సుభద్రమ్మ గారు చెప్పిన చిన్న చిన్న వాక్యాలే, ఆ వరుసలోనే చెప్పాను. జడ్జిగారు కలం తీసి ఒక్కొక్కటీ రాసుకున్నారు. ఆ తల్లిని ఆసుపత్రికి పంపారు.

సుభద్రమ్మ గారు వెనక బెంచీలోనే ఉన్నారు. బయటికొచ్చాక అడిగారు.

"అయి నా మాటలే కదరా?"

"మీవేనండి."

"రాసుకున్నాడు," అన్నారు. ఆమె కళ్ళు తుడుచుకోవడం నేను చూసింది ఆ ఒక్కసారే.

ఇప్పుడు ఆమె లేరు. నా పట్టాలు నేను గోడకు వేలాడదీయలేదు. కోర్టుకెళ్ళే సంచిలో ఉంటాయి. బోనెక్కినప్పుడల్లా నాకున్న చదువు ఉన్నంతే చెబుతాను, ఒక్క మాట కూడా పెంచను. తర్వాత ఒక్క క్షణం ఆగుతాను. జడ్జిగారు కలం విప్పేదాకా ఆగుతాను.