రంగెక్కువైన యాంటీబాడీ

మొన్న మా తమ్ముడి మనవరాలు, ఏదో పెద్ద ల్యాబులో కొత్తగా చేరిన పిల్ల, యాంటీబాడీకి ఎంత రంగు అంటించారో ఇప్పుడు సీసా మీదే అచ్చువేసి ఇస్తారని ఫోన్లో మామూలుగా చెప్పేసరికి నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సంగతి పట్టించుకున్నందుకే కదా, ఎనభైల్లో నరసరావుపేటలో నా చేతికి మెమో ఇచ్చారు!

మాది పశువుల జబ్బులు చూసే చిన్న ల్యాబు. కరిచిన కుక్క తలను గోనెసంచిలో ఐసు వేసుకుని తెచ్చేవారు. మెదడు ముక్కను గాజు పలక మీద అద్ది, పిచ్చికుక్క జబ్బు క్రిమిని పట్టుకునే యాంటీబాడీకి మెరిసే రంగు అంటించి దాని మీద వేస్తే, క్రిమి ఉన్నచోట పచ్చని చుక్కలు వెలిగేవి. రంగు అంటించే పని నాది. మా ఆఫీసరుగారికేమో ఆ వెలుగు చాలలేదు, రంగు రెట్టింపు వెయ్యమన్నారు. చేతినిండా తడి గోరింటాకు పెట్టుకున్న మనిషి గిన్నె పట్టుకోలేదు సరికదా, తగిలినవాటికల్లా పూస్తుంది. రంగెక్కువైతే యాంటీబాడీ కూడా అంతేనని ఎంత మొత్తుకున్నా వినలేదు.

అప్పుడే దాచేపల్లి నుంచి ఒక లారీ మెకానిక్కు భార్య వచ్చింది, ఐదో నెల. తనను కరిచిన కుక్క తల మాకిచ్చి వరండాలో కూర్చుంది. బొడ్డు చుట్టూ పొడిచే ఆ పద్నాలుగు సూదులు మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటాయి; కడుపులో బిడ్డకేమవుతుందోనని, మా రిపోర్టు వచ్చిందాకా పొడిపించుకోనని మొండికేసింది.

చూస్తే పలకంతా మసక పచ్చ, చుక్క ఒక్కటీ లేదు. జబ్బుందని ముందే తేలిన పాత ముక్క మీద వేసి చూసినా అదే మసక. అంటే తప్పు మా యాంటీబాడీదే. ఆఫీసరుగారు మాత్రం జబ్బు లేదని రాసేశారు. పాత సీసా అడుగున మిగిలిన, రంగు తక్కువ పట్టినదాన్ని ఆమె తెచ్చిన కుక్క మెదడు ముక్క మీద వేసి చూస్తే చుక్కలే చుక్కలు. వచ్చి చూడండి మహాప్రభో అంటే, నువ్వా నాకు చెప్పేదని, కుర్చీలోంచి లేవనైనా లేవలేదు.

వరండాలోకెళ్లి, ఆ కాయితం నమ్మొద్దు, ఇవాళే సూదులు మొదలెట్టమని ఆ పిల్లకు చెప్పాను.

"బిడ్డకేమన్నా అయితే ఏందక్కా నా గతి?" అంది.

"నువ్వుంటేగా బిడ్డ," అన్నాను.

కసిరినట్టే అన్నాను, అందుకు ఇప్పటికీ బాధే. వెళ్లి పద్నాలుగూ పొడిపించుకుంది. బయటివాళ్లతో మాట్లాడినందుకు నాకు మెమో వచ్చింది.

బిడ్డ పుట్టాక ఆమె చూపించడానికి తెచ్చింది. ఆఫీసరుగారు వాణ్ని ఎత్తుకుని, అందరి ముందూ, "కుక్కకి జబ్బు లేదని నేను అప్పుడే రాయలా?" అన్నారు. ఆమె నా వైపు చూసింది. నేను వాణ్ని ఆయన చేతుల్లోంచి తీసుకుని ఆమెకిచ్చాను.

ఇప్పుడు సూదులు జబ్బకే, అవీ నాలుగైదేనట. ల్యాబుల్లో చిన్నవాళ్ల మాట కూడా వింటారట. సంతోషమే. ఆనాడు మాత్రం, ఆ తల్లీబిడ్డా బతికి ఉండటమే ఆయన అబద్ధం నిజమనడానికి సాక్ష్యమైపోయింది.