చేప గుండెల పులుసు

మా నాయనకు గుండెపోటు వచ్చిన వారానికల్లా మైపాడు దగ్గరి మా పల్లెలో అందరూ గుండె డాక్టర్లయిపోయారు. నేనొక్కదాన్నే కాలేదు. నేను చదివింది చేపల గుండెల గురించి కదా, నన్నెవరు లెక్కచేస్తారు!

వేలెడంత కూడా లేని చారల చేప గుండెకు గాయమైతే, దాని ఒంట్లోని రోగనిరోధక కణాలు ఏం చేస్తాయో ల్యాబులో చూడడం నా ఉద్యోగం. పరామర్శకొచ్చిన చుట్టాల్లా పరుగెత్తుకొస్తాయి, వాపు తెచ్చి నానా రభస చేస్తాయి. అయితే చచ్చిన కండను ఊడ్చేసి, కొత్త కండ పెరగడానికి దారి చేసేదీ అవే. రానివ్వకుండా ఆపితే గుండె సరిగా మొలవదు. పని కాగానే చాలావరకు వెళ్లిపోతాయి కూడా. చుట్టాలకు ఆ అలవాటు లేదు. మనిషి గుండెలో మాత్రం మచ్చే మిగులుతుంది.

ఆసుపత్రి వరండాలో ఇదంతా మా మేనత్తకు చెప్పాను. ఆమె చెవికెక్కింది ఒక్కటే: చేప గుండె మళ్లీ మొలుస్తుంది. ఇంకేముంది! నాయన ఇల్లు చేరగానే, రేవులో చేపలు కోసే ఆడవాళ్లంతా గుండెలు తీసి అత్త గిన్నెలో వేయడం మొదలుపెట్టారు. చింతపండు, కారం, చేతికొచ్చినంత ఉప్పు. రోజూ అదే పులుసు. నాయన కాళ్లు వాచాయి. ఉప్పు మానకపోతే ప్రాణానికే ముప్పన్నాడు డాక్టరు.

"ఉప్పు లేని పులుసు కుక్క గూడా ముట్టదు" అంది అత్త.

"చేప గుండె తింటే మన గుండె మొలవదత్తా, కడుపులో అరిగిపోద్ది!"

"చాల్లేమ్మే, నువ్వే గదా చెప్పినావు."

నాకు ఒళ్లు మండింది. విసురుగా బయటికొస్తే, నాయన అరుగు మీద కూర్చుని ఒడ్డున ఉన్న తన పడవకేసి చూస్తున్నాడు.

"నాకు మొలవదు గదా పాపా?"

"మొలవదు నాయనా." ఏడుపొచ్చింది.

"ఆ మాట మీ అత్తతో అనబాక. నేను మళ్లా పడవెక్కతానని రేవులో అందరికీ చెప్పుకుంటా ఉండాది."

మర్నాడు పొద్దున్నే వంటింట్లోకి వెళ్లాను. "అత్తా, మా ల్యాబులో కొత్తగా తేలింది. ఉప్పు తగిలితే చేప గుండెలో మొలిపించే గుణం చచ్చిపోద్దంట."

అత్త గరిటె విసిరికొట్టింది. "ఇంత చదువు చదివి, ఈ ముక్క ఇప్పుడా చెప్పేది?"

ఉప్పు డబ్బా అటకెక్కింది. ఆ పూట నాయన చప్పటి పులుసు పోసుకుని, మెతుకు మిగలకుండా తిన్నాడు. అత్త ఆయన మొహంలోకే చూస్తూ కూర్చుంది.

"మొలస్తా ఉన్నట్టే ఉండాదక్కా" అన్నాడు.