ఆఖరి స్టాపు దగ్గర దుప్పటి

నీస్ నుంచి వచ్చి వారమైంది. మెల్‌బోర్న్ శివారు క్రెయిగీబర్న్‌లో మా పెరటి తీగ మీద ఆరుతున్న నీలం గళ్ల దుప్పటిలో ఎండుగడ్డి వాసన, చింతపండు వాసన ఇంకా పోలేదు. రెండుసార్లు మెషిన్లో వేశాను, పోదు. నా చిన్నతనమంతా ఆ దుప్పటి మీదే కూర్చుని తిన్నాను. ఫ్రాన్సు సముద్రతీరంలో అంత షోకైన ఊరికి వెళ్లి కూడా చివరికి దాని మీదే కూర్చోవాల్సి వచ్చిందంటే, నా ఖర్మ కాక మరేమిటి!

నాన్న తెనాలి దగ్గరి నుంచి వంటవాడిగా వచ్చి, మెల్‌బోర్న్‌లో బస్సు డ్రైవరయ్యాడు. వారమంతా బస్సు తోలిన మనిషి సెలవునాడు ఇంట్లో పడుకోవాలా? పడుకోడు. తనెప్పుడూ తోలని రూటొకటి చూసుకుని అమ్మనీ నన్నూ ఎక్కించి, ఆఖరి స్టాపు దాకా తీసుకెళ్లేవాడు. జనవరంటే ఇక్కడ నడి ఎండాకాలం, ఆ వేడికి గౌను కింద కాళ్లు సీటుకి అతుక్కుపోయేవి. ఎదురొచ్చే ప్రతి డ్రైవరుకీ నాన్న మా మధ్య కూర్చునే చెయ్యెత్తేవాడు, నేను సిగ్గుతో సీట్లో కిందికి జారిపోయేదాన్ని. ఇళ్లు పల్చబడి పల్చబడి, తుప్పుపట్టిన కంచె, మోకాలెత్తు గడ్డి, తలలెత్తి చూసే కంగారూలు, ఒక బస్‌స్టాపు స్తంభం కనిపించేవి, అంతటితో ఊరు అయిపోయేది. అమ్మ దుప్పటి పరిచి స్టీలు డబ్బా మూత తీయగానే ఇంగువ వాసన గుప్పుమనేది, ఈగలన్నీ మా మీదే వాలేవి.

సెలవులయ్యాక స్కూల్లో ఒకళ్లు బాలి అనేవాళ్లు, ఒకళ్లు గోల్డ్ కోస్ట్ అనేవాళ్లు. నేను “లాస్ట్ స్టాప్” అంటే, అది ఏ రిసార్టని అడిగారు.

“అందరూ బీచ్‌కి వెళ్తారు, మనమెందుకు వెళ్లం?” అని గొడవ చేస్తే నాన్నది ఒకటే మాట. “బీచెక్కడికి పోద్దే అమ్మలూ? ఈ చివర ఏవుందో చూద్దాం పద!”

అప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. పెద్దయ్యాక వీళ్లిద్దరినీ సముద్రానికి ఎదురుగా, గొడుగు కింద, గుడ్డ పరిచిన బల్ల దగ్గర కూర్చోబెడతానని.

పెద్దయ్యాను. అమ్మవైపూ నాన్నవైపూ కలిపి డిగ్రీ పట్టా అందుకున్న మొదటిదాన్ని నేనే. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతున్నాను. సిడ్నీలోని పారమట్టాలో ఉద్యోగం కూడా వచ్చింది. ఆ కబురు కడుపులో దాచుకుని వాళ్లని నీస్ తీసుకెళ్లాను. అక్కడ బీచ్ మీద తెల్ల గొడుగుల హోటల్లో మధ్యాహ్నానికి బల్ల బుక్ చేశాను, ఆ బల్ల దగ్గరే చెప్పాలని. తీరం వెంట నడుస్తుంటే ఒకపక్క ఖర్జూరపు చెట్లూ గాజు తలుపుల హోటళ్లూ, ఇంకోపక్క గులకరాళ్ల మీద పరుపు కుర్చీలు. నాన్న ఒక్కటీ చూడడే! బస్సులు చూస్తున్నాడు. కొండమీదికెళ్లే చిన్న బస్సొకటి ఆగింది. ఎక్కేశాడు. వెనకాలే అమ్మ.

“నాన్నా! వన్ ఓ క్లాక్‌కి టేబుల్ బుక్ చేశాను!”

“ఇట్టా వెళ్లి అట్టా వచ్చేద్దాం. ఆ మలుపులో ఎట్టా తిప్పుతాడో చూడవే!”

బస్సు ఆలివ్ చెట్ల మధ్య, గన్నేరు పూల మధ్య, కిటికీలకి బట్టలారేసిన రాతి ఇళ్ల మధ్య ఎక్కుతూ పోయింది. ఎదురొచ్చిన బస్సుకి నాన్న చెయ్యెత్తాడు. ఆ డ్రైవరూ ఎత్తాడు! ఆఖరి స్టాపులో ఒక గోడ, ఒక కుళాయి, ఎండలో పడుకున్న పిల్లి. తిరుగు బస్సు ఇప్పట్లో లేదు. నా బల్ల పోయింది. బీచ్‌కి తువ్వాళ్లు పెట్టానన్న సంచిలోంచి అమ్మ దుప్పటి తీసింది, బసలో పొద్దున్నే కలిపిన పులిహోరా తీసింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. కింద సముద్రం మొత్తం కనిపిస్తోంది. నా తెల్ల గొడుగులు ఆరబెట్టిన సగ్గుబియ్యం వడియాల్లా ఉన్నాయి.

“నాకు సిడ్నీలో జాబ్ వచ్చింది,” అన్నాను కోపంగా. ఇలాగా చెప్పాలనుకుంది!

అమ్మ చేతిలో ముద్ద ఆగిపోయింది. “అంత దూరవా?”

నాన్న కుళాయి దగ్గర చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. “అక్కడ ఆఖరి స్టాపు ఏందే?”

“నాకేం తెలుసు నాన్నా!”

“సర్లే. మేవొచ్చినప్పుడు చూద్దాం.”

నిన్న మా పాత ఆఖరి స్టాపుల్లో ఒకటి చూద్దామని ఒక్కదాన్నే బస్సెక్కాను. కంచె లేదు, గడ్డి లేదు, కంగారూలు లేవు. సూపర్ మార్కెట్టు, వరసగా ఇళ్లు, ఇంకా సున్నం మరకలు పోని కొత్త కిటికీలు. దిగుదామని లేచేలోపే బస్సు కదిలింది. రూటు పొడిగించారట. మళ్లీ కూర్చున్నాను, ఆ చివర ఏముందో చూద్దామని. తీరా చూస్తే ఒకటే చిరాకు: దుప్పటేమో ఇంట్లో తీగ మీద ఉంది.