పొడి మసిలిన రోజు

మా అవ్వ మీద ఒట్టు, తినే అన్నం మీద ఒట్టు, ఇప్పుడు నేను చెప్పబోయే దాంట్లో ఒక్క ముక్క కూడా కల్పితం లేదు. నన్ను బాగా ఎరిగినవాళ్లు ఈ వాక్యం దగ్గరే కళ్లద్దాలు తీసి పక్కన పెట్టేస్తారని తెలుసు. పెట్టకండి. మన ఈడువాళ్లలో జీడిమెట్లలోనో మేడ్చల్ రోడ్డు మీదో ఏదో ఒక కంపెనీ గేటు ముందు టిఫిన్ డబ్బాతో నిలబడ్డవాళ్లు చాలామంది ఉంటారు, కనీసం వాళ్లకైనా ఇది కోతలాగా అనిపించదు.

మొన్న ఆదివారం మా చెల్లెలి కూతురు ఇంటికి వచ్చింది. కండ్లకోయ దగ్గర ఇంజనీరింగ్ చదువుతోంది. ఫోన్లో ఒక వీడియో చూపించింది. గాజు గొట్టంలో ఇసుక, కింద నుంచి గాలి. గాలి కొంచెంగా ఉన్నంతసేపు ఇసుక రాయిలా పడి ఉంది. గాలి పెంచుకుంటూ పోతే ఒకచోట ఇసుకంతా ఒళ్లు విరుచుకున్నట్టు లేచి, కాగే పాలలా పొంగి, బుడగలు వేయడం మొదలుపెట్టింది. మేమే చేశాం మామయ్యా అని ఆ పిల్ల సంబరపడుతుంటే, ఇదిగో ఇది మసలబట్టే నాకు పెళ్లయింది అన్నాను. ఆ పిల్ల నమ్మలేదు. వంటింట్లోంచి మా ఆవిడ, మొదలుపెట్టాడు అన్నట్టుగా మిక్సీ వేసింది.

తొంభైలు మొదలైన రోజుల్లో, డిగ్రీ చేతికొచ్చిన కొత్తలో, మేడ్చల్ దగ్గర ఒక చిన్న మాత్రల కంపెనీలో కెమిస్టుగా చేరాను. మాత్ర చేయాలంటే ముందు మందు పొడిని జిగురు నీళ్లతో తడిపి, రవ్వలా చేసి, ఆ తడి రవ్వను ఆరబెట్టాలి. మొదట్లో దాన్ని ట్రేలలో పరిచి, వేడి గదిలో పెట్టి, మధ్యమధ్యలో చేత్తో తిరగేస్తూ పూటంతా కాపలా కాసేవాళ్లు. నేను చేరిన ఏడాదే కొత్త మిషన్ వచ్చింది. ఒక పెద్ద స్టీలు గంగాళం, దానికి అడుగున జల్లెడ, జల్లెడ కింద నుంచి వేడిగాలి ఊదే ఫ్యాను, పైన గుమ్మటంలా బిగించి కట్టిన గుడ్డ సంచి. గాలి ఆ గుడ్డలోంచి బయటికి పోతుంది, పొడి లోపలే ఉండిపోతుంది. పక్కన గుండ్రటి గాజు కిటికీ, గాలిని ఎక్కువ తక్కువ చేయడానికి ఒక పిడి. ఈ గొడవంతా ఆ పిడితోనే.

ఆ మిషన్ నడిపే ఆయనది దూలపల్లి. కంపెనీ మొత్తం ఆయన్ని చాచా అనేది, మేనేజర్ గారితో సహా. నాకు మొదటి రోజే చెప్పాడు:

"జర ఇను బేటా. గాలి తక్కువైతే రవ్వ పండుకుంటది, ఎక్కువైతే ఉరుకుతది. నడిమిట్ల పెట్టాలె. అత్తగారితోని మాట్లాడినట్టు."

నాకు అప్పటికి అత్తగారు లేరు. ఆ లోటు తీర్చడానికే మా బాపు శామీర్‌పేటలో ఒక సంబంధం చూశాడు. పిల్ల తండ్రి వ్యవసాయదారుడు, వరి, మక్క పండించేవాడు, మాట కొట్టినట్టు ఉండేది. పిల్ల చూపుల్లో ఆయన నన్ను ఏం పని చేస్తావని అడిగాడు. ఉన్నమాట చెప్పాను. పొడిని మసలబెడతాం, నీళ్లు పోయం, కింద మంట పెట్టం, అయినా కుతకుతమని బుడగలు వస్తాయని. తలుపు చాటు నుంచి నవ్వు వినిపించింది. ఆయన మాత్రం నవ్వలేదు.

"పొడి మసులుడేంది పిలగా? సంబంధానికొచ్చి గూడ కోతలేనా?"

చూడండి నా ఖర్మ. అప్పటిదాకా శామీర్‌పేట చెరువులో మనిషంత చేపను చూశానని చెప్పాను, నమ్మారు. మా తాత పులిని గొంగడిలో చుట్టి ఇంటికి తెచ్చాడని చెప్పాను, నమ్మారు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క నిజం చెబితే అది అబద్ధమైపోయింది. ఆయన మా బాపుతో తెగేసి చెప్పాడు, కంపెనీకొచ్చి కండ్లతో చూస్తా, మసిలితే మాట్లాడుకుందాం, మసలకపోతే నా బిడ్డను అబద్ధాలకోరుకు ఇయ్య అని. తలుపు చాటు నవ్వు నా చెవుల్లోంచి పోలేదు కనుక, ఆ పొడి మసలడం నాకు ఎంత అవసరమో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

చెప్పినట్టే వచ్చాడు. తెల్లటి ధోతి, భుజం మీద తువ్వాలు, తలకు రుమాలు. అది చిన్న కంపెనీ, రోజులు అలాంటివి, మేనేజర్ గారు చూసి పొమ్మన్నారు. నేను ఎదురెళ్లి, రండి కాకా అన్నాను. చాచా నా చొక్కా పట్టుకుని వెనక్కి గుంజాడు.

"అరే బేవకూఫ్, కాకా అంటే పిల్ల నీకు చెల్లె అయితది. మామా అను!"

ఆ రోజు బి-కాంప్లెక్స్ రవ్వ. పచ్చటి పసుపు రంగు, ముక్కు పుటాలు అదిరే వాసన. ఫ్యాను వేశాం. ఆయన గాజు దగ్గర నిలబడ్డాడు. రవ్వ కదలదే! తడి ఎక్కువైంది కాబోలు, గాలి ఒక మూలన ఎలుక బొక్కలాంటి కంత చేసుకుని అందులోంచి హాయిగా వెళ్లిపోతోంది, మిగతాదంతా పిసికిన మట్టిలా కూర్చుంది.

"మసలదేంది?"

"జర ఆగున్రి మామా."

"మా బర్రె గూడ గిట్లనే పంటది. దాన్ని చూడనీకి గింత దూరం ఎందుకు?"

నా పెళ్లి ఆ కంతలోంచి బయటికి పోతున్నట్టు కనిపించింది. చాచా ఫ్యాను ఆపి, గంగాళాన్ని చక్రాల మీద బయటికి లాగి, ఆ ముద్దలన్నీ చిదిపి జల్లెడ పట్టించాడు. నేనూ మోచేతుల దాకా పసుపయ్యాను. మళ్లీ లోపలికి తోసి, పిడిని మెల్లగా, నిద్రపోయే పిల్లాడి దుప్పటి సర్దినంత మెల్లగా తిప్పాడు. ముందు పైపొర వణికింది. తర్వాత రవ్వంతా కాస్త ఉబ్బింది. ఒక బుడగ లేచి పగిలింది, దాని పక్కన ఇంకొకటి, కాసేపటికి గంగాళం గంగాళం పప్పు ఉడికినట్టు కుతకుతలాడింది. మామ ముక్కు గాజుకు ఆనించి చాలాసేపు చూశాడు.

"అవ్! మసులుతాంది!"

ఆ తర్వాత ఆయనకు మిషన్‌తో చుట్టరికం కలిసింది. ఇది తూర్పారబట్టినట్టే ఉందన్నాడు. కల్లంలో గాలి కోసం పొద్దంతా చేట పట్టుకుని నిలబడతామని, జోరు గాలి వస్తేనే గింజ గింజగా, పొట్టు పొట్టుగా విడిపోతుందని చెబుతూ, మీరేంది ఇంత సన్నగాలి పెట్టారని తీసిపారేశాడు. ఆ మాట నాకు తగిలింది. జోరు చూపిద్దామనుకున్నాను. చాచా "నై, నై!" అంటున్నా వినకుండా పిడి పట్టుకుని మొత్తం తిప్పేశాను.

కల్లంలో ఎగిరిపోవాల్సింది పొట్టు ఒక్కటే. ఇక్కడ ఎగిరిపోవాల్సింది ఏదీ లేదు. గంగాళంలోని రవ్వంతా ఒక్క ఊపున పైకి లేచి సంచిని తన్నింది, సంచి కట్టు తెంచుకుంది, గది మొత్తం పసుపు. మామ ధోతి, మీసం, రుమాలు పెళ్లి నలుగు పెట్టినట్టు అయిపోయాయి. గది కిటికీలోంచి పోయినది పోగా వెనక పొలంలో కట్టేసిన బర్రె మీద పడింది. సాయంత్రం దాని యజమాని వచ్చి, గీ బర్రె నాది కాదు, నా బర్రె నల్లగుంటది అని తలుగు తాడు పట్టుకోనన్నాడు.

మేనేజర్ గారు పరుగున వచ్చారు. "ఎవడయ్యా ఆ పిడి తిప్పింది?" అని ఆయన అరిచిన అరుపుకు ఫ్యాను దానంతటదే ఆగినంత పనైంది. నేనే సార్ అన్నాను. ఉద్యోగం ఊడలేదు గానీ, దసరా దాకా నన్ను పాత ట్రేల గదికి పంపించారు, చేత్తో రవ్వ తిరగేయడానికి. వారం తిరగకుండా శామీర్‌పేట నుంచి కబురొచ్చింది, లగ్గం పెట్టుకుందామని. పిలగాడు అంతమంది ముందు తప్పు నాదేనని ఒప్పుకున్నాడు, అబద్ధం ఆడడు అని మామ చుట్టాలందరికీ చెప్పాడట. ఆ ఊళ్లో నాకు ఇవాళ్టికీ నిజాయితీపరుడని పేరు.

ఇప్పుడు ఆ కంపెనీ షెడ్డు గోదాము అయింది. ఇలాంటి మిషన్లు ఇప్పుడూ ఉన్నాయి, కానీ పిడి లేదు, తెర మీద అంకె నొక్కితే గాలి ఎంత కావాలో అదే చూసుకుంటుంది, మసిలేదీ మసలనిదీ మనిషి గాజుకు ముక్కు ఆనించి చూడాల్సిన పని లేదు. తువ్వాలు వేసుకున్న రైతును లోపలికి రానిచ్చే మాటే లేదు. అటు కల్లాలూ పోయాయి. కోసే మిషనే తూర్పార కూడా పట్టేస్తుంది. చాచా పోయి చాలా ఏళ్లయింది. మామ పోయిన చలికాలంలో పోయాడు.

ఇగ ఇందులో కల్పితం ఏదంటే, మీరు బర్రె అనుకుంటారు. కాదు, బర్రె నిజం, వానలు పడేదాకా అది పసుపుగానే తిరిగింది. పొడి మసలడమూ నిజం. అబద్ధం ఒక్కటే, పిడి మీద ఉన్న చెయ్యి నాది కాదు. గాలి గింతేనా అంటూ, చాచా ఆపేలోపు, చెరువు తూము ఎత్తినట్టు పిడి మొత్తం తిప్పేసింది మామ. మేనేజర్ గారు అరిచినప్పుడు, ఊరు ఊరంతా భయపడే ఆ మనిషి, పసుపు ముద్దలా నిలబడి, ఆ చేతిని బడిపిల్లాడిలా వీపు వెనక దాచుకున్నాడు. నేనే సార్ అన్నాను. చాచా పైకప్పు చూశాడు.

మామ వెంట బస్టాపు దాకా వెళ్లాను. బస్సు వచ్చాక, తువ్వాలతో మీసం తుడుచుకుంటూ అన్నాడు:

"అబద్ధం మస్తు నున్నగ చెప్తవ్ అల్లుడా. నేనున్నన్ని రోజులు గదే చెప్పు."

ఆయన నన్ను అల్లుడా అనడం అదే మొదటిసారి. ఆయన ఉన్నన్ని రోజులు, మా ఆవిడతో కూడా, అదే చెప్పాను.