ఇంజను పొయ్యిలో ఎండుమిరపకాయలు

రైలింజను నడపాలన్న నా చిన్నప్పటి కోరిక గుంటూరు మిరపకాయల పాలైంది. ఆ కోపం ఇంకా చల్లారలేదు.

తొంభైల చివరి మాట. పత్తి చేల మధ్య మూతపడ్డ ఓ చిన్న రైలుమార్గం మీద పాత బొగ్గింజనును బాగుచేసి, సరదా ఉన్నవాళ్ళ చేత ఒక్కరోజు నడిపిస్తున్నారని తెలిసి విశాఖ నుంచి పరుగెత్తాను. మనిషికి పావుగంట. పక్కన నిలబడి నేర్పేది మస్తాన్ గారనే రిటైరైన డ్రైవరు.

నా వంతు రాగానే ఇంజనెక్కి మీట మీద చెయ్యి వేశాను.

"ఆగండాగండి!" అంటూ ఆయన జేబులోంచి గుప్పెడు ఎండుమిరపకాయలు తీసి, గాలిలో తిప్పి, పొయ్యిలో పడేశారు. దిష్టి నాకే కాబోలనుకుని పెళ్ళికొడుకులా తల కూడా వంచాను. మరుక్షణం ఘాటు వెనక్కి తన్నింది. దగ్గు, తుమ్ములు, కళ్ళమ్మట ధారలు.

"నాకు దిష్టి తియ్యమని నేనడిగానా?" అని అరిచాను.

"మీకెందుకు తీస్తానండీ? ఇంజనుకి తీశా," అన్నారాయన, తనూ దగ్గుతూనే. "పొద్దుట్నించీ దాన్ని మింగేసేట్టు చూస్తున్నారు మీరు. పాత బండి, తట్టుకోవద్దూ?"

అంటే దిష్టి పెట్టింది నేనా! కోపంతో తిట్టబోతే దగ్గే వచ్చింది.

"కోప్పడకండి. దిష్టి తగిలుంటే ఇంత ఘాటొచ్చేది కాదు. మీ కళ్ళు మంచియ్యేనండీ," అని సర్టిఫికెట్టిచ్చారు.

ఆ మంచి కళ్ళు తెరుచుకునేసరికి నా పావుగంట అయిపోయింది. నన్ను దింపేసి నా వెనకాయన్ని ఎక్కించారు. ఎక్కీ ఎక్కగానే ఆ పెద్దమనిషి హాయిగా ఇంజను చేత కూత వేయించాడు.