చెరువులో నీళ్లెంత

మా నాయిన శామీర్‌పేట చెరువులో చేపలు పట్టేవాడు. తాగేవాడు కూడా. నేను నగరంలో సుచిత్ర చౌరస్తా దగ్గర డిగ్రీ చదివే రోజుల్లో ఆయన చేతులు వణకడం మొదలైంది. కాలేయం చెడిందని, ఇలాగే తాగితే ఎక్కువ కాలం బతకడని డాక్టరు చెప్పాడు.

నాకప్పుడు చదువుకున్న పొగరు. తప్పంతా చెరువుదేనని తేల్చేశాను. పొద్దంతా వల, సాయంత్రం వల లాగినవాళ్లంతా కలిసి కల్లు దుకాణం. ఆ మనుషుల మధ్య నుంచి తప్పిస్తే మారతాడనుకున్నాను. సుచిత్రలో కోస్తా ఉద్యోగుల అపార్టుమెంటు ఒకటి కొత్తగా లేచింది. అందులో వాచ్‌మన్ పని నేనే వెతికిపెట్టాను.

"నాకు గేటు దీసుడు రాదు బిడ్డా" అన్నాడు.

"తాగుడొచ్చింది గదా, గిది రాదా?" అన్నాను. ఆ మాట నన్ను ఇప్పటికీ తినేస్తుంది.

ఒక సంగతి నేను పట్టించుకోలేదు. వల దించే రోజు చెరువు గట్టు మీది దేవత కట్టమైసమ్మకు సాక పోసేది మా నాయినే. కుండలోంచి కాస్త కల్లు నేల మీద వదిలి, దండం పెట్టుకుని, వల ఎటు వేయాలో చెప్పేవాడు. సాక పోసినవాడు వల ఒడ్డుకు చేరేదాకా చుక్క ముట్టకూడదు. ముడితే వల చినుగుతుందని వాళ్ల నమ్మకం. నేను తాగుబోతన్న మనిషి పొద్దంతా కల్లు కుండ పక్కనే ఉండి కూడా నోరు కట్టుకునేవాడు.

గేటు దగ్గర ఆ కట్టు లేదు. ఆయన్ని అడిగేవాళ్లూ లేరు. మూడో నెలకల్లా పొద్దున్నే చౌక మందు మొదలైంది, మోటారు గదిలో, ఒక్కడే. ఒకరోజు వెళ్లేసరికి ట్యాంకు పొంగి మెట్ల మీద నీళ్లు కారుతున్నాయి. అపార్టుమెంటువాళ్లు కేకలేస్తున్నారు. నాయిన మెట్టు మీద కూర్చుని ఆ నీళ్లనే చూస్తున్నాడు.

"గీ నీళ్లల్ల నాకేం పని బిడ్డా?" అన్నాడు.

మర్నాడు అమ్మ వచ్చింది. ఆయన బట్టలు మూట కట్టి, "నడువు. సాక పోసేటోడు లేక మనోళ్లు మస్తు పరేషానైతున్నరు" అంది. అది అబద్ధం. ఆ పని అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. అమ్మే ఇల్లిల్లూ తిరిగి, బతిమాలి, మళ్లీ ఇప్పించిందట.

నాయిన పూర్తిగా మానలేదు. కానీ వల రోజుల్లో సాయంత్రం దాకా ముట్టేవాడు కాదు, ముట్టినా కొంచెమే. చేతుల వణుకు తగ్గింది. గండం గడిచిందని నేను సంబరపడ్డాను. ఇల్లలకగానే పండగ కాదు. ఆ తర్వాత వానలు పడలేదు. చెరువు అడుగంటింది, వలలు దూలానికెక్కాయి, నాయిన మళ్లీ ఆసుపత్రి మంచమెక్కాడు. వానలొస్తే లేచాడు. ఇంకో కరువుకు ఇంకోసారి పడ్డాడు. నిజం చెప్పాలంటే అలసిపోయాను. కోప్పడే ఓపిక కూడా లేదు.

ఇప్పుడు మేడ్చల్‌లో పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. ఫోన్ చేసినప్పుడు తాగావా అని అడగను.

"చెరువుల నీళ్లెంతున్నయ్ నాయినా?"

"సగం దాకున్నయ్ బిడ్డా."

సగమంటే ఎండాకాలం వచ్చేదాకా పరవాలేదు. ఆ తర్వాతి సంగతి ఆలోచించకుండా ఫోన్ పెట్టేస్తాను. "నా బిడ్డకు చెరువంటే పాణం" అని ఆయన ఊరంతా చెప్పుకుంటున్నాడట.